పంచిన సూదులు

మూట ఇంకా నడవలోనే ఉంది.

బూట్ల ఫ్యాక్టరీ తిప్పి పంపగా బండివాడు దింపి వెళ్లిన చోటే, గోడకి ఆనుకుని, మూతి విప్పుకుని పడి ఉంది. సగం మేజోళ్లు బయటికి జారాయి. ఇంట్లో అందరూ దాన్ని చూస్తూనే ఉన్నారు గానీ ఎవరూ ఎత్తి లోపల పెట్టడం లేదు. చిన్నకోడలు దాని పక్క నుంచి తల దించుకుని వెళ్తోంది. పెద్దకోడలు మాత్రం బురద దాటినట్టు కాలు చాచి మరీ దాటుతోంది.

మధ్యాహ్నం పెద్దకొడుకు భోజనానికి వచ్చాడు. పెరట్లో ఉన్న తన వర్క్‌షాపు నుంచి ఇంట్లోకి రావాలంటే ఆ నడవ ఒక్కటే దారి. మూట దగ్గర ఆగాడు. వంగి ఒక మేజోడు తీసుకుని, లోపలికి చెయ్యి దూర్చి, వెలుతురుకి పట్టి చూశాడు. మడమ దగ్గర నుంచి పైదాకా నిలువుగా ఒక గీత. దాని పక్కన ఇంకో గీత. ఒక చోట అల్లిక కన్ను జారి, అక్కణ్ణించి నిచ్చెనలా విడిపోయింది.

మేజోడు మళ్లీ మూటలో పెట్టాడు. విసిరెయ్యలేదు, మడిచి పెట్టాడు. అది వాళ్లమ్మ చూసింది.

ఆ ముసలామె నడవ చివర కిటికీ పక్కన కూర్చుని నూలు కండెలకి చుడుతుంది. ఇంటికి ముందు వైపు చిన్నకోడలి మేజోళ్ల షెడ్డు. వెనక వైపు పెద్దకొడుకు తీగ పని. రెండింటికీ మధ్యలో ఆమె కుర్చీ. ముందు నుంచి మిషన్ల గరగర, వెనక నుంచి సుత్తి చప్పుడు, రెండూ చెవిన పడుతుంటేనే ఆమెకి ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఇవాళ పొద్దుటి నుంచీ రెండూ లేవు. కండె కూడా చేతిలో ఊరికే తిరుగుతోంది.

పెద్దకోడలు పళ్లెం పెట్టింది. పెద్దకొడుకు రెండు ముద్దలు తిని, మూడోది కలుపుతూ ఆగిపోయాడు.

"అమ్మా, రేపు పొద్దున అధికారి వస్తున్నాడని ఆ అమ్మాయికి చెప్పు" అన్నాడు పళ్లెంలోకి చూస్తూ.

ఆ అమ్మాయి అక్కడే, షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

"విన్నానని చెప్పండత్తయ్యా" అంది చిన్నకోడలు.

"ఒక మిషను తిప్పి చూపించాలని చెప్పు. నా సూదులతో."

"ఏ మిషను తిప్పమంటారో ఆ మూటని అడగమనండి."

ముసలామె కండె ఒళ్లో పెట్టుకుంది. "నేనేమన్నా టెలిఫోనునా? ఇద్దరికీ నోళ్లున్నాయి. మొహాలు చూసుకుని మాట్లాడుకోండి."

వాళ్లిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉండటం ఆ ఇంట్లో కొత్త. చిన్నకోడలు కాపురానికి వచ్చిన మొదట్లో ఆమె షెడ్డులో మిషన్లు బిగించింది ఈ బావగారే. నూనె ఎక్కడ వెయ్యాలో, పిడి ఎంత వేగంగా తిప్పాలో దగ్గరుండి చూపించాడు. ఈ గొడవంతా సూదులు ఆగిపోయాకే వచ్చింది.

మేజోళ్ల మిషనులో ఒక గుండ్రటి గొట్టం చుట్టూ సూదులు నిటారుగా నిలబడి ఉంటాయి. ప్రతి సూది కొనకీ కొక్కెం, కొక్కేనికి చిన్న నాలుక. ఆ నాలుక తెరుచుకుని నూలు పట్టుకుంటుంది, మూసుకుని కన్ను అల్లుతుంది. ఇంత చిన్న వస్తువు ఎప్పుడూ పై దేశం నుంచే వచ్చేది. బజారుకి వెళ్లి ఉప్పు తెచ్చుకున్నట్టు తెచ్చుకునేవారు. ఇప్పుడు పై దేశాల ఉక్కు సామాను ఏదీ దేశంలోకి రాకూడదని ప్రభుత్వం ఆపేసింది.

ఆపమని అడిగినవాళ్లలో పెద్దకొడుకు ముందున్నాడు. అతను తప్పు పని చేశాడని ఆ రోజున ఎవరూ అనుకోలేదు. అతను చేసే పిన్నీసులూ జడ పిన్నులూ పై దేశం సరుకు దెబ్బకి కొట్లలో మూల పడి ఉండేవి. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చిన్న చిన్న కార్ఖానాల వాళ్లంతా సంఘంగా చేరి మొర పెట్టుకున్నారు. నిషేధం వచ్చిన రోజు అతను వీధి మొత్తానికి టీ ఇప్పించాడు. చిన్నకోడలు కూడా తాగింది. ఇక సూదులు నేనే చేస్తాను, మన మిషన్లకి ఒకరి చేతుల వైపు చూడాల్సిన ఖర్మేమిటని అతనంటే, బావగారు చేస్తే ఇంట్లోనే దొరుకుతాయి కదా అని సంతోషపడింది.

"మొహం చూసే అడుగుతున్నాను" అని పెద్దకొడుకు తల ఎత్తాడు. "పాతవీ కొత్తవీ కలిపి పెట్టింది ఎవరు? ఒక మిషనులో సూదులన్నీ ఒకే పొడుగు, ఒకే మందం ఉండాలి. తేడా వస్తే గీత పడుతుంది. ఇది నీకు నేను చెప్పాలా అమ్మాయ్?"

"తెలుసు బావగారూ" అంది చిన్నకోడలు. "తెలిసే కలిపాను."

పెద్దకోడలు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పాత సూదులు సగం మిషన్లకే సరిపోయేలా మిగిలాయి. మిగతా మిషన్లకి మీవి పెట్టి చూశాను. కాసేపు తిరిగాయి. తర్వాత నాలుకలు బిగుసుకున్నాయి. అంటే సగం మందిని ఇంటికి పంపెయ్యాలి. ఎవర్ని పంపను? మిషను తిప్పే ఆ వాగుడుకాయ రేడియోని పంపనా? వాళ్లింట్లో సంపాదన దానిదొక్కటే. అందుకని నేల మీద గుడ్డ పరిచి సూదులన్నీ పోసుకుని అందరికీ సమానంగా పంచాను. ఖాళీల్లో మీవి పెట్టాను. అందరి మేజోళ్లూ సమానంగానే పాడయ్యాయి."

ఇంకోసారి ఇలాంటి సరుకు వస్తే ఇక మీ గుమ్మం తొక్కేది లేదని ఫ్యాక్టరీ మేనేజరు చెప్పి పంపిన సంగతి ఎవరూ ఎత్తలేదు. అది అందరికీ తెలుసు. షెడ్డుకి ఉన్న బేరం ఆ ఒక్క ఫ్యాక్టరీయే.

"దానగుణం ఎక్కువ మరి" అంది పెద్దకోడలు. "తీరా పాడయ్యాక ఇంటివాళ్ల సూదులు పనికిరావని వీధంతా చెప్పుకోవచ్చు."

"నేను ఎక్కడా చెప్పలేదక్కా."

"నువ్వు చెప్పాలా? నడవలో ఆ మూట చెప్తోంది."

చిన్నకొడుకు అప్పుడే వీధిలోంచి వచ్చాడు. రేవులో క్రేను నడపడం అతని పని. ఈమధ్య పొద్దున వెళ్లి భోజనం వేళకే తిరిగి వస్తున్నాడు. వస్తూనే మూటనీ, అన్న మొహాన్నీ, భార్య మొహాన్నీ వరసగా చూశాడు.

"మీ సూదుల సంగతి ఎలా ఉన్నా నా క్రేను మాత్రం దివ్యంగా ఉంది" అన్నాడు. "దాని మీద పిచ్చుకలు గూడు పెట్టాయి. పిల్లలు కూడా ఎగిరిపోయాయి. ఒక్కరోజు కదిపి వాటి నిద్ర చెడగొడితే ఒట్టు."

పెద్దకోడలికి నవ్వు వచ్చింది. భర్త మొహం చూసి మింగేసుకుంది.

"ఓడలు మళ్లీ వస్తాయిరా" అన్నాడు పెద్దకొడుకు. "కొన్నాళ్లు ఓర్చుకోవాలి. మన కాళ్ల మీద మనం నిలబడేదాకా."

"వస్తాయి అన్నయ్యా. మనం వాళ్ల ఉక్కు వద్దన్నాం, వాళ్లు మన తోళ్లు వద్దన్నారు. తెచ్చేది లేదు, పట్టుకెళ్లేది లేదు. ఇక గాలి పీల్చుకోవడానికి రావాలి."

పెద్దకొడుకు చెయ్యి కడిగేసుకున్నాడు. పళ్లెంలో సగం అలాగే ఉంది. గుమ్మం దగ్గర ఆగి, రేపు మిషను తిప్పుతావా తిప్పవా, ఆ ఒక్క మాట చెప్పమని చిన్నకోడల్ని అడిగాడు. ఆమె వెనక్కి తిరిగి షెడ్డులోకి నడిచింది. అతను కాసేపు చూసి వెళ్లిపోయాడు.

వెనక నుంచి సుత్తి చప్పుడు వస్తుందేమోనని ముసలామె చెవి ఒగ్గి కూర్చుంది. రాలేదు.

సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని ఆమే పెరట్లోకి నడిచింది. మామూలుగా పెద్దకోడలు తీసుకెళ్తుంది. ఇవాళ ఆమె వేడి వేడిగా స్టవ్ మీద నుంచి దించి, "మీరే ఇవ్వండత్తయ్యా, నేను వెళ్తే ఏదో ఒకటి అనేస్తాను" అంది.

వర్క్‌షాపు తలుపు దగ్గరగా వేసి ఉంది. ముసలామె భుజంతో తోసుకుని లోపలికి వెళ్లింది.

పెద్దకొడుకు నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ విరిగిన గొడుగులు. గుడ్డ చింపి ఒక పక్కన కుప్ప పోశాడు. చువ్వలు విడదీసి, ఒక్కొక్కటే పట్టకారుతో పట్టుకుని సాపు చేస్తున్నాడు. తల్లిని చూసి ముందు ఒక గొడుగుని వెనక్కి తోశాడు. తర్వాత తోసి ప్రయోజనం లేదని తెలుసుకుని ఊరుకున్నాడు.

ఆమె గ్లాసు అతని చేతికిచ్చి, పని బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"ఎవరివిరా ఇన్ని గొడుగులు?"

"పాత సామాను కొట్లో తెచ్చాను."

"ఎందుకు?"

అతను టీ తాగాడు. ఖాళీ గ్లాసు నేల మీద పెట్టాడు.

"సూదికి మంచి తీగ కావాలమ్మా. సన్నగా సాగాలి, సాగినా ఉక్కులా ఉండాలి. అలాంటి తీగ మన దగ్గర ఎవరూ తియ్యరు. అది కూడా పై నుంచే వచ్చేది."

ముసలామెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కొడుకు మొహం వైపు చూడలేకపోయింది.

"ఉక్కు సామాను ఆపమని మేమే అడిగాం" అన్నాడు అతను. "పిన్నీసులూ సూదులూ ఆగుతాయనుకున్నాం. తీగ కూడా ఉక్కేనని ఆ సభలో ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తీగ పని చేసేవాణ్ణి, నాకు తట్టాలి కదమ్మా."

"మరి ఈ సూదులన్నీ?"

"గొడుగు చువ్వలే. వీటికి నీరు పట్టదు, బిరుసు రాదు. ఎంత కాల్చి నూనెలో ముంచినా పైపైన మాత్రమే గట్టిపడతాయి, లోపల మెత్తగానే ఉంటాయి. నాలుక కాసేపు ఆడి బిగుసుకుంటుంది. ఆ అమ్మాయి చెప్పింది నిజం. కలపకపోయినా అవి నడిచేవి కావు."

"ఆ మాట దానితో చెప్పకపోయావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

తర్వాత అతను రేపటి సంగతి చెప్పాడు. తీగ కావాలన్న కార్ఖానాల్లో కొన్నిటికి మాత్రం ప్రత్యేకంగా పర్మిట్ ఇస్తారట. వచ్చే అధికారి పని తీరు కళ్లారా చూసి ఎవరికివ్వాలో నిర్ణయిస్తాడట. సూది బాగా నడిస్తే తీగ వస్తుంది. తీగ వస్తే నిజంగా బాగా నడిచే సూది చెయ్యగలడు. చెయ్యగలనని అతను చెప్తుంటే ముసలామె నమ్మింది. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి మొదటి పిన్నీసు వంచినప్పుడు కూడా అతని మొహం ఇలాగే ఉండేది.

"ఎవరితోనూ అనకమ్మా" అన్నాడు. "ఆ అమ్మాయితో అసలు అనకు."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేసింది.

షెడ్డులో పనివాళ్లంతా వెళ్లిపోయారు. దీపం ఇంకా వెలిగించలేదు. చిన్నకోడలు ఒక మిషను ముందు కూర్చుని, గొట్టంలోంచి సూదులు ఒక్కొక్కటే పైకి లాగి, పాతవి ఒక డబ్బాలో, బావగారివి ఇంకో డబ్బాలో వేరు చేస్తోంది. పంచినవన్నీ మళ్లీ ఒక దగ్గర చేరుస్తోంది. వేరు చేస్తుంటే తెలుస్తోంది, పాతవి విరిగినవి పోగా ఒక్క మిషనుకి కూడా నిండుగా లేవు.

చిన్నకొడుకు తలుపు గడియ పెట్టి వచ్చాడు. చొక్కా లోపల నుంచి చిన్న పొట్లం తీసి భార్య ఒళ్లో పెట్టాడు. ముసలామె గుమ్మంలో ఉందని చూశాడు గానీ దాచలేదు. ఆ ఇంట్లో అతను అమ్మ దగ్గర ఏదీ దాచడు.

చిన్నకోడలు మడత విప్పింది. నూనె కాగితంలో తెల్లగా మెరుస్తూ సూదులు. నాలుకలన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి.

ఆమె ఒక సూది తీసుకుని తిప్పింది. నాలుక మెత్తగా పడింది, లేచింది, మళ్లీ పడింది. అలా చాలాసేపు ఆడిస్తూ కూర్చుంది.

"ఎక్కడివి?" అంది చివరికి.

ఓడ వంటవాడు ఇచ్చాడని అతను చెప్పాడు. వచ్చే ఒకటీ అరా ఓడల్లో ఇలాంటివి వస్తాయని, రేవులో అందరికీ తెలిసిన సంగతేనని తేలిగ్గా అన్నాడు. ఆమె తేలిగ్గా తీసుకోలేదు. పక్క వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన ఇలాగే స్ప్రింగులు కొన్నాడు. కొట్టుకి సీలు వేశారు, ఆయన్ని తీసుకెళ్లారు. ఆయన భార్య ఇప్పటికీ ఆ సీలు పక్కనే కూర్చుని పూసలు అమ్ముతోంది.

"తిరిగి ఇచ్చెయ్యి" అంది. అంటూనే పొట్లం గట్టిగా పట్టుకుంది.

"ఇచ్చేస్తాను. ముందు నువ్వు వదులు."

ఆమె వదల్లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు, కళ్లు నిండాయి.

ఫ్యాక్టరీ సరుకు మళ్లీ అల్లి ఇచ్చేదాకా ఉంచుకుందామని, ఒకే మిషనుకి పెట్టి అందరూ వంతులవారీగా తిప్పుదామని అనుకున్నారు. ఆ తర్వాత సంగతి తర్వాత.

"రేపు?" అన్నాడు అతను. "అన్నయ్య కోసం వచ్చే అధికారికి ఏం చెప్తావు?"

"ఏమీ చెప్పను. బావగారి సూదులు పెట్టి తిప్పుతాను. నడిస్తే నడుస్తాయి, ఆగితే ఆగుతాయి. ఆయన్ని నలుగురిలో తక్కువ చేసి ఒక్క మాట అనను. నడవని దాన్ని నడిచిందని కూడా అనను."

ముసలామె గుమ్మంలో నిలబడే వింది. కొడుకు ఎవరితోనూ అనొద్దన్న మాట గుర్తొచ్చింది. చెప్పేస్తే ఇది నా కోడలే, అర్థం చేసుకుంటుంది అనిపించింది. చెప్పేస్తే వాడు మళ్లీ దీని ఎదట పడగలడా అని కూడా అనిపించింది. నోరు తెరిచి, "దీపం వెలిగించుకో, కళ్లు పోతాయి" అని మాత్రం అంది.

ఆ రాత్రి ఆమెకి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం మనసులో ఒక దారి కనపడింది. చిక్కుపడ్డ నూలు కొస దొరికినట్టు దొరికింది. అధికారి ముందు మిషను బాగా నడవాలి. నడిస్తే పెద్దవాడికి తీగ వస్తుంది. తీగ వస్తే మంచి సూదులు వస్తాయి. సూదులొస్తే షెడ్డు నిలబడుతుంది. వెనకా ముందూ రెండు చప్పుళ్లూ మళ్లీ వినపడతాయి. ఎన్నిసార్లు చుట్టి చూసుకున్నా ఆ కొసకి ఎక్కడా ముడి కనపడలేదు.

అందరికంటే ముందు షెడ్డుకి వచ్చేది రేడియో. నోరు మూత పడదని ఆ పేరు. రాగానే వీధి కబుర్లు మొదలు పెట్టింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని చూపించే మిషను దగ్గరికి తీసుకెళ్లింది. చిన్నకోడలు రాత్రే అందులో బావగారి సూదులు బిగించి ఉంచింది. ముసలామె రాత్రి పొట్లం రేడియో చేతిలో పెట్టి, అవి తీసేసి ఇవి పెట్టమంది.

రేడియో మొదటిసారి మాట లేకుండా నిలబడింది.

"చిన్నమ్మగారు చెప్పారా?"

"నేను చెప్తున్నాను."

"ఆవిడకి తెలిస్తే?"

"తెలియాల్సిన పనేముంది? మిషను నడుస్తుంది, అధికారి వెళ్తాడు, మళ్లీ మార్చేద్దువు గాని."

రేడియో మిషను ముందు కూర్చుంది. ఆమె వేళ్లు చకచకా ఆడాయి. చిన్నకోడలు తల దువ్వుకుని వచ్చేసరికి పని అయిపోయింది, గొట్టం మీద నూలు ఎక్కించి ఉంది.

అధికారి అనుకున్న దానికంటే మంచివాడిలా కనపడ్డాడు. సన్నగా, కొంచెం వంగి నడిచే మనిషి. వెంట ఒక గుమస్తా. గుమ్మంలో చెప్పులు చూసుకుని పక్కగా విడిచాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పనివాళ్లని కూడా "మీరు" అనే పలకరించాడు. పెద్దకొడుకు ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. పెద్దకోడలు వంటింటి గుమ్మంలోనే ఉండిపోయింది.

"కానివ్వండి" అన్నాడు అధికారి.

రేడియో పిడి తిప్పింది. చిన్నకోడలు పక్కన నిలబడి, ఎప్పుడు ఆగుతుందా అన్నట్టు చూస్తోంది. ఆగలేదు. నాలుకలు వరసగా లేస్తూ పడుతూ గొట్టం చుట్టూ అలలా తిరిగాయి. కింద నుంచి మేజోడు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. గీత లేదు. కన్ను జారలేదు. నీళ్లు జారినట్టు నున్నగా దిగుతోంది.

పెద్దకొడుకు మొహం విప్పారింది. ముసలామె ఎన్నాళ్లుగానో చూడని మొహం అది. ఇన్నాళ్లూ కాల్చి ముంచి కాల్చి ముంచి విసిగిపోయిన మనిషికి, రాత్రికి రాత్రి తన చేతి పని తనకే దారికొచ్చినట్టు ఉంది. ఒక్క క్షణం అతను నిజంగానే నమ్మాడు.

అధికారి మేజోడు చేత్తో సాగదీసి చూశాడు. "బావుంది. చాలా బావుంది" అన్నాడు. "మీ మేజోళ్ల పనివాళ్లు పెద్ద గొడవ చేస్తున్నారండీ. సూదులైనా పై దేశం నుంచి రానివ్వండి, లేకపోతే షెడ్లు మూసుకోవాలని రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. నాకూ జాలేసింది. ఆ సంగతి కూడా తేల్చి రమ్మని మా పైఅధికారులు నన్ను పంపారు. ఇది చూశాక సూదులు తెప్పించే అవసరం లేదని రాసేస్తాను. ఇక్కడే ఇంత చక్కగా తయారవుతుంటే పై నుంచి ఎందుకు?"

చిన్నకోడలు మిషను వైపు చూసింది, రేడియో వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. అత్తగారి దగ్గర చూపు ఆగిపోయింది.

ముసలామెకి, రాత్రంతా చుట్టుకున్న నూలు ఒక్కసారిగా విడిపోయినట్టయింది.

మిషను ఆపమని ఎవరూ చెప్పలేదు. రేడియో తిప్పుతూనే ఉంది.

పెద్దకొడుకు పొంగిపోతూ వంగి, గొట్టం అంచు మీద వేలు పెట్టాడు. అతని సూదులు నూనెలో కాలి నల్లగా ఉంటాయి. వేలి కింద ఉన్నవి తెల్లగా మెరుస్తున్నాయి. వేలు అక్కడే ఉండిపోయింది. మొహం మాత్రం మెల్లమెల్లగా మామూలు మొహం అయిపోయింది.

అతను నిటారుగా నిలబడ్డాడు. చిన్నకోడల్ని చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, నేను కాదు అన్నట్టు.

ఊరుకుంటే తీగ వస్తుంది. ఆ సంగతి ఆ షెడ్డులో ముసలామెకి తెలుసు, అతనికి తెలుసు.

"ఆపమ్మా" అన్నాడు రేడియోతో. మిషను ఆగింది. "ఇవి నా సూదులు కావండి."

అధికారి చేతిలో మేజోడు ఇంకా అలాగే ఉంది. "మరి?"

"నావి ఇలా నడవవు. నావి నడవవు కాబట్టే ఈ అమ్మాయి సరుకు తిప్పి పంపారు. ఆ మూట నడవలో ఉంది, చూడొచ్చు."

"నేను అడిగింది అది కాదు" అన్నాడు అధికారి. గొంతు పెంచలేదు. "ఇవి పై దేశం సూదులు. కొత్తవి. ఈ ఇంట్లోకి ఎలా వచ్చాయి?"

గుమస్తా వీధి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఎవరూ వెళ్లమనలేదు, అది అతనికి అలవాటున్న పనిలా ఉంది.

"నా వర్క్‌షాపులోకి రండి" అన్నాడు పెద్దకొడుకు. "తీగ సంగతీ సూదుల సంగతీ అక్కడే చెప్తాను."

ఇద్దరూ నడవలోంచి పెరట్లోకి వెళ్లారు. తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది.

షెడ్డులో ఎవరూ కదల్లేదు. చిన్నకోడలు అత్తగారిని ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టి, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

పెద్దకోడలు వంటింటి గుమ్మం వదిలి వచ్చింది. మూట దగ్గర ఆగి, రెండు చేతులతో దాన్ని గోడ వైపుకి జరిపి, షెడ్డులోకి వచ్చి తోడికోడలి పక్కన నిలబడింది.

"మీ ఆయన ఎక్కడ?" అని మెల్లగా అడిగింది.

"రేవుకి వెళ్లారక్కా."

"భయపడకు. ఈయన మీ ఆయన పేరు చెప్పడు. నాకు తెలుసు." పెరటి వైపు చూసింది. "తన పేరు చెప్పేసుకుంటాడేమోనని నా భయం."

చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దకోడలు విడిపించుకోలేదు.

పెరటి తలుపు తెరుచుకుంది. అధికారి గొంతు నడవలోంచి వచ్చింది. అతను కోడళ్లని పిలవలేదు. రేడియోని పిలవలేదు.

"పెద్దావిడని ఒకసారి రమ్మనండి."

ముసలామె లేచింది. పట్టుకోబోతే వద్దంది. నడవ అంతా గోడ పట్టుకుని నడిచి, వర్క్‌షాపులోకి వెళ్లింది. నేల మీద గొడుగులు అలాగే ఉన్నాయి. అధికారి వాటి మధ్యలో, నిన్న తను కూర్చున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆమెని చూసి లేచి స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"మీరు ఈ ఇంటికి పెద్ద. మీ మాట నేను నమ్ముతాను" అన్నాడు అతను. "ఆ సూదులు తనే దొంగతనంగా తెప్పించానని మీ పెద్దబ్బాయి అంటున్నాడు. అవునా?"

పెద్దకొడుకు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లి కళ్లల్లోకి సూటిగా చూస్తున్నాడు. అవునని చెప్పమ్మా అన్నట్టు గడ్డం కొంచెం కిందికి దించాడు. చిన్నప్పుడు తమ్ముడు పగలగొట్టిన అద్దం తనే పగలగొట్టానని చెప్పి నిలబడ్డ రోజు కూడా ఇలాగే చూశాడు. ఆ రోజు ఆమె తెలిసి కూడా తెలియనట్టు ఊరుకుంది.

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"కాదండీ" అంది.

పెద్దకొడుకు కళ్లు మూసుకున్నాడు.

అధికారి తర్వాతి ప్రశ్న అడగడానికి తొందరపడలేదు. ఆ నిశ్శబ్దంలో, ముందు షెడ్డులోంచి చిన్నకొడుకు గొంతు వినపడింది. అప్పుడే వచ్చినట్టున్నాడు. వీధి గుమ్మం దగ్గర నిలబడ్డ గుమస్తాతో ఏదో అని, హాయిగా నవ్వుతున్నాడు.